కెసి కాలువ కింద పొలాలు నిలవాలంటే కర్నూలు వాళ్లు ఎంత కడతారు? సర్వే ప్రశ్న చూసి తిట్టండి

తుంగతీరం · సోమవారం, రాత్రి 9:10

అందరికీ నమస్తే. ఎంఏ ఎకనామిక్స్ రెండో ఏడాది చదువుతున్నా, మాది కర్నూలే. ప్రాజెక్టుకు తీసుకున్న విషయం ఇది: ఊరి చుట్టూ కెసి (కర్నూలు-కడప) కాలువ కింద ఉన్న మాగాణి వెంచర్లు అయిపోతోంది. ఆ పొలాలు పొలాలుగానే ఉండటం టౌన్లో ఉండేవాళ్లకు ఎంత విలువ?

వడ్ల ధర, భూమి ధర నాకు అక్కర్లేదు, అవి బజార్లో తెలుస్తాయి. పొలం ఉన్నందువల్ల ఊరికి ఊరకే దక్కేవి ఉన్నాయి కదా, వాటి సంగతి. బోర్లలో ఊరే నీళ్లు, పెద్ద వాన పడితే నీళ్లు నిలిచే చోటు, సాయంత్రం కాలువ గట్టు మీద గాలి, నాట్లకు కోతలకు పోయేవాళ్లకు పని. వీటికి రేటు బోర్డు ఎక్కడా ఉండదు. అందుకని జనాన్నే అడుగుదామని ప్రశ్న ఇట్లా రాసుకున్నా:

"కర్నూలు చుట్టుపక్కల వ్యవసాయ భూమిని కాపాడటానికి మీ కుటుంబం ఏడాదికి ఎన్ని రూపాయలు ఇవ్వగలదు?"

గైడ్ సార్ బాగుంది అన్నారు. నాకే ఎక్కడో తేడా కొడుతోంది. మొహమాటం లేకుండా చెప్పండి.

---

హంద్రీ_గట్టు · సోమవారం, రాత్రి 9:31

సున్నా. రాసుకో, ప్రాజెక్టు అయిపోయింది.

నవ్వులాటకు కాదు చెల్లీ. మా వీధిలో ఇంటి పన్ను, నీటి పన్ను కట్టమని మైకు పెట్టుకొని తిరుగుతారు, అయినా కట్టనోళ్లు కట్టరు. నువ్వు పోయి "పొలాల కోసం ఇంకో పన్ను" అంటే కాఫీ కూడా ఇవ్వరు. పొలాలంటే ఇష్టం లేక కాదు. ఆ డబ్బు పొలానికి చేరుతుందని ఎవరికీ నమ్మకం లేక.

---

లెక్కల_మేడం · సోమవారం, రాత్రి 10:05

హంద్రీ_గట్టు గారు ఎగతాళిగా చెప్పినా అసలు చిక్కు పట్టుకున్నారు. అనంతపురంలో చాలా ఏళ్లు ఇదే పాఠం చెప్పాను, కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

అమ్మాయ్, నువ్వు చేస్తున్నదాన్ని కంటింజెంట్ వాల్యుయేషన్ అంటారు. లేని బజారును ఉన్నట్టు ఊహించి, అందులో నువ్వైతే ఎంత పెడతావని అడగడం. దీనికి పేరొచ్చింది 1989లో అలాస్కా దగ్గర ఎక్సాన్ వాల్డెజ్ ఓడ నుంచి ముడిచమురు సముద్రంలో పడ్డాక. ఆ తీరాన్ని ఎప్పుడూ చూడని అమెరికన్లకు కూడా అది పాడవడం వల్ల నష్టమేనా, అయితే ఎంత అన్నది ప్రశ్న. ఇంటింటి సర్వే చేసి దాదాపు 280 కోట్ల డాలర్లని లెక్క తేల్చారు. కంపెనీ ఊరుకోదు కదా, పద్ధతే తప్పని నిరూపించడానికి వేరే ఆర్థికవేత్తలకు డబ్బులిచ్చి పరిశోధనలు చేయించింది.

వాటిలో ఒకటి నీకు బాగా పనికొస్తుంది. నూనె వ్యర్థాల గుంటల్లో పడి పక్షులు చస్తున్నాయి, వల కప్పి కాపాడటానికి మీ కుటుంబం ఎంత ఇస్తుంది అని మూడు గుంపులను విడివిడిగా అడిగారు. ఒక గుంపుకు 2,000 పక్షులని, ఇంకో గుంపుకు 20,000 అని, మూడో గుంపుకు 2,00,000 అని చెప్పారు. సగటు జవాబులు వరసగా 80, 78, 88 డాలర్లు. పక్షులు నూరు రెట్లు పెరిగినా మనిషి జేబులోంచి వచ్చేది మారలేదు.

అంటే జవాబిచ్చినవాళ్లు పక్షులకు వెల కట్టలేదు, హుండీలో వేసినట్టు ఏదో ఒక నోటు వేశారు. కానెమన్, నెట్ష్ ఇద్దరూ 1992లో ఈ మాటే అన్నారు, జనం కొంటున్నది వస్తువును కాదు, మంచిపని చేశామన్న తృప్తిని అని. ఇప్పుడు నీ ప్రశ్న మళ్లీ చదువుకో. "వ్యవసాయ భూమి" అన్నావు. ఎన్ని ఎకరాలు? ఎక్కడిది? ఎన్నాళ్లు? ఏదీ లేదు. నీకూ నోటే పడుతుంది.

అమెరికా ప్రభుత్వం నోబెల్ గ్రహీతలు కెన్నెత్ ఆరో, రాబర్ట్ సోలో పెద్దలుగా వేసిన కమిటీ 1993లో రిపోర్టు ఇచ్చింది. పద్ధతిని వాళ్లు కొట్టిపారేయలేదు, కట్టుబాట్లు పెట్టారు. ఎంత ఇస్తావని అడగొద్దు, ఫలానా మొత్తం కట్టాల్సి వస్తే ఈ పథకానికి ఓటేస్తావా వేయవా అని అడుగు. ముఖాముఖి అడుగు. ఆ డబ్బు ఇస్తే ఇంకో ఖర్చు తగ్గించుకోవాలని గుర్తుచెయ్. ఒక్కో ఇంటికి ఒక్కో మొత్తం చెప్పి, ఏ మొత్తం దగ్గర "అవును"లు తగ్గిపోతున్నాయో చూస్తే విలువ బయటపడుతుంది.

---

సెంటు_లెక్క · మంగళవారం, ఉదయం 7:48

నేను ప్లాట్ల వ్యాపారంలో ఉన్నా, ముందే చెప్పేస్తున్నా. ఇన్ని డాలర్ల కథలు ఎందుకు? విలువ అంటే రేటే. కొనేవాడు ఎకరాకు ఏ ధర పెట్టి ఇల్లు కట్టుకుంటున్నాడో అదే జనం ఆ భూమికి ఇచ్చిన విలువ. పొలంగా ఉండాలని అంత ప్రేమున్నోళ్లు అందరూ కలిసి చందాలేసుకొని కొని పొలంగానే ఉంచొచ్చు, ఎవడొద్దన్నాడు? ఒక్కడు కూడా రాడు. అదే మీ సర్వే జవాబు.

రైతును బలవంతం చేసి ఎవరూ కొనట్లేదు, ఆయనే ఫోన్ చేసి పిలుస్తున్నాడు.

---

పెన్నా_కడప · మంగళవారం, ఉదయం 8:20

సెంటు_లెక్క అన్నా, చందా ఎందుకు వేసుకోరంటే, నేను వేసినా వేయకపోయినా గాలి నాకూ వస్తుంది. పక్కోడు వేస్తాడులే అని ప్రతివాడూ కూర్చుంటాడు. వీధి లైట్లూ చందాలతో రావు, అంతమాత్రాన వెలుతురు ఎవరికీ అక్కర్లేదనా?

ఇంక రేటు సంగతి. అందరం ఊహించే అంకెలతోనే చూద్దాం. కాలువ కింద ఎకరా గుత్త (కౌలు) ఏడాదికి 30,000 అనుకుందాం. 6 శాతం వడ్డీ లెక్కన పంట కోసమే కొనేవాడు పెట్టగలిగేది 5 లక్షలు. అదే ఎకరా అంటే 4,840 గజాలు. రోడ్లూ పార్కూ పోను 2,600 గజాలు అమ్ముడుపోయి, గజం 5,000 అనుకుంటే కోటీ 30 లక్షలు. ఈ రెండిటి మధ్య తేడా మట్టిలోంచి రాలేదు. రోడ్డు, కరెంటు, పక్కన వచ్చిన కాలేజీ, రేపు ఇంకా పెరుగుతుందన్న ఆశ, అన్నీ కలిసి తెచ్చినవి. అందుకే మా కడప చుట్టూ కూడా పంట వేయని, ఇల్లు కట్టని భూములు ఎకరాలకెకరాలు రాళ్లు పాతి పడున్నాయి. వాటి రేటు మాత్రం పెరుగుతానే ఉంది. ఆ రేటు జనం ఇండ్లకు ఇచ్చిన విలువ కూడా కాదు, ఆశకు ఇచ్చిన విలువ.

---

కాలువ_కింద · మంగళవారం, మధ్యాహ్నం 1:15

మాది కెసి కింద నాలుగెకరాలు. మీరందరూ మా మడి గురించే మాట్లాడుకుంటాండారు కాబట్టి నేనూ చెప్తా.

మా పైన ఆరెకరాలు వెంచరైంది. ఎర్రమట్టి తోలి, నలభై అడుగుల రోడ్డేసి, రాళ్లు పాతినారు. మా మడికొచ్చే పిల్లకాలువ ఆ రోడ్డు కింద పడింది. సిమెంటు పైపు పెట్టినాం కదా అంటారు. ఆ పైపు అడుగు వెడల్పు, మొదటి వానకే మట్టితో పూడింది. తూము దగ్గర నీళ్లు నిండుగా పోతాంటాయి, వెంచరు దాటి ఈ పక్కకు రావు. కాలువ నీళ్లు వదిలే లస్కరును అడిగితే తూము వరకే నా పని అంటాడు. వెంచరు ఆఫీసుకు పోతే ప్లాట్లన్నీ అమ్మేసినాం, కొన్నోళ్లను అడగమంటారు. కొన్నోళ్లు యాడున్నారో ఎవరికెరుక, సగం మంది హైదరాబాదు, బెంగుళూరు. ఇప్పుడు ఇంజను పెట్టి పైపులేసుకొని డీజిల్ కాల్చి తడుపుతాండా. వరికోత మిషను తిరిగి రావాలంటే ఇంకో రైతు మడి తొక్కాల. మా కింద ఇంగా పదెకరాలుంది, వాళ్ల గతీ అంతే. ఈ ఏడు వాళ్లు వరి మానుకొని బీడు పెట్టినారు, రేపు వాళ్లూ అమ్ముతారు.

సెంటు_లెక్క, రైతే ఫోన్ చేస్తాడన్నావే, ఫోన్ ఎట్ల చేపిస్తారో కూడా చెప్పు.

అట్లని నేను కాపాడమని కూడా అడగడం ల్యా. కాపాడటం అంటే ఏందమ్మా? అమ్మొద్దని చట్టం తెచ్చేదా? బిడ్డ పెండ్లికో ఆస్పత్రికో రేపు నాకుండే ఆసరా ఆ నాలుగెకరాలే. టౌన్లోవాళ్లకు చల్లగాలి కావాలని నా భూమి రేటు సగానికి దిగ్గొడితే, ఆ గాలికి డబ్బు కట్టింది నేను. నీ సర్వేలో ఆ లెక్క యాడుంది?

---

లెక్కల_మేడం · మంగళవారం, మధ్యాహ్నం 2:40

కాలువ_కింద గారు రాసింది రెండుసార్లు చదివాను. అమ్మాయ్, నీ ప్రాజెక్టు మొత్తం ఈ పోస్టులోనే ఉంది.

మొదటిది పిల్లకాలువ. ఒక ఎకరా పొలం పోతే పోయేది ఎకరా కాదు. పై పొలం పోతే కింద పొలాల నీళ్లు పోతాయి, దారి పోతుంది. ఎకరాకు ఇంత అని టౌన్లో తేల్చిన విలువను ఎకరాలతో హెచ్చవేస్తే తప్పు లెక్క వస్తుంది. విడివిడిగా మిగిలిన పొలం వేరు, కలిసున్న ఆయకట్టు వేరు. ప్రశ్నలో ఎకరాలతో పాటు అవి ఒకే చోట ఉన్నాయో చెదిరి ఉన్నాయో చెప్పాల్సిందే.

రెండోది ఇంకా పెద్దది. టౌన్లోవాణ్ని "ఎంత కడతావు" అని అడుగుతున్నాం. రైతును "అమ్ముకునే హక్కు వదులుకోవడానికి ఎంత తీసుకుంటావు" అని అడగాలి. ఈ రెండు ప్రశ్నలకూ జవాబులు సాధారణంగా కలవవు, తీసుకునేది కట్టేదానికంటే చాలా ఎక్కువే ఉంటుంది. 1993 కమిటీ మొదటి ప్రశ్నే అడగమంది, ఎందుకంటే అంకె అదుపులో ఉంటుంది. కానీ మొదటిదే అడుగుతున్నామంటే భూమి మీద ఏం కట్టాలో నిర్ణయించే హక్కు రైతుదేనని, టౌను దాన్ని కొనుక్కోవాలని ఒప్పుకున్నట్టు. ఆ మాట ప్రశ్నలోనే బయటికి చెప్పాలి. డబ్బు ఎవరికి పోతుందో చెప్పకుండా "కాపాడటానికి" అంటే హంద్రీ_గట్టు గారి సున్నాలే వస్తాయి.

---

పెన్నా_కడప · మంగళవారం, సాయంత్రం 6:02

మేడం చెప్పిన కొనుక్కోవడం నిజంగా చేసిన చోట్లున్నాయి. న్యూయార్క్ పక్కన లాంగ్ ఐలాండ్‌లో సఫోక్ అనే కౌంటీ 1974లో మొదలుపెట్టింది. పొలం రైతుదే, సేద్యం రైతుదే, పొలంగా అమ్ముకోవచ్చు కూడా. కౌంటీ కొనేది ఇండ్లు కట్టే హక్కు ఒక్కటే. ప్లాటు రేటుకూ పంట రేటుకూ మధ్య తేడా రైతు చేతిలో పెడతారు. పక్క రాష్ట్రం న్యూజెర్సీలో ఇట్లాంటి పనికి 5 కోట్ల డాలర్ల అప్పు చేద్దామా అని 1981లో జనాన్ని ఓటు అడిగితే సరే అన్నారు. ఆ అప్పు తీర్చేది వాళ్ల పన్నులే కాబట్టి సర్వేకంటే అది గట్టి సాక్ష్యం.

దగ్గర్లో అయితే కేరళ. 2008లోనే వరి పొలాలు, చిత్తడి నేలల పరిరక్షణకు చట్టం తెచ్చారు, పూడ్చడం నేరం. కాలువ_కింద అన్న భయపడేది అదే. తర్వాత 2020లో వరి పొలాన్ని వరి పొలంగా ఉంచినవాళ్లకు రాయల్టీ మొదలుపెట్టారు, నీళ్లు ఇంకుతున్నాయి, ప్రకృతికి మేలు చేస్తున్నారు అని. మొదలుపెట్టినప్పుడు హెక్టారుకు ఏడాదికి 2,000 రూపాయలు.

---

కాలువ_కింద · మంగళవారం, సాయంత్రం 6:30

హెక్టారుకు రెండు వేలంటే ఎకరాకు ఎనిమిది వందలు. డీఏపీ బస్తా 1,350. ముక్కాలు బస్తా కూడా రాదు కదప్పా.

ఇస్తామన్నారు చూడు, ఆ మాట వరకు సంతోషం.

---

సెంటు_లెక్క · మంగళవారం, రాత్రి 8:11

చూశారా, పొలంలో ఉండే ఆయనే నవ్వుతున్నాడు. న్యూయార్క్ పక్కన ఉండేవాళ్ల జీతాలకు ఆ సరదాలు సరిపోతాయి. మన కార్పొరేషన్ రోడ్డు వెడల్పుకు జాగా తీసుకుంటేనే రొక్కం ఇవ్వలేక టీడీఆర్ బాండ్లు, అంటే వేరే చోట ఎక్కువ కట్టుకునే హక్కు కాగితాలు, చేతిలో పెడుతోంది. ఇంక వేల ఎకరాలకు తేడా డబ్బులా?

పైపు సంగతి మాత్రం ఒప్పుకుంటా. పంటకాలువలు మూసి లేఅవుట్లు వేసేవాళ్లున్నారు. మేం వేసినచోట కాలువ వదిలే వేశాం. అందర్నీ ఒకే గాట కట్టొద్దు.

---

మాపటేల · మంగళవారం, రాత్రి 9:25

రెవెన్యూలో పనిచేసి రిటైరయ్యాను. ఒక మాట మరిచిపోతున్నారు, పొలం మార్చడానికి ఒక ధర ఉంటూ వచ్చింది. 2006 నాటి చట్టం కింద, అది 2025లో రద్దయ్యేదాకా, వ్యవసాయ భూమిని వేరే పనికి వాడాలంటే భూమి విలువలో ఇంత శాతమని ప్రభుత్వానికి కట్టి మార్పిడి చేయించుకోవాల్సి వచ్చేది. జనం దాన్ని నాలా అనేవాళ్లు. ఆ శాతం పెట్టేటప్పుడు ఊరికి పోయే నీళ్లెంత, కింద రైతుకు నష్టమెంత అని ఎవరూ లెక్క వేయలేదు. పైగా కట్టింది రిజిస్ట్రేషన్ విలువ మీద, బజారు రేటు మీద కాదు. వచ్చిన డబ్బు కాలువ_కింద గారి పైపు పూడిక తీయడానికి పోయింది లేదు.

ఇంకోటి. 2013 భూసేకరణ చట్టంలో పదో సెక్షన్ ఉంది. సాగునీరుండి ఏడాదికి రెండు మూడు పంటలు పండే భూమిని ప్రభుత్వం వేరే దారే లేనప్పుడు మాత్రమే తీసుకోవాలి. తీసుకుంటే అంతే బీడును సాగులోకి తేవాలి, లేదంటే ఆ విలువ జమ చేయాలి. రోడ్లు, రైలు మార్గాలు, కాలువలు, కరెంటు లైన్ల లాంటివాటికి మినహాయింపు ఉంది. వినడానికి బాగుంటుంది. అయితే ప్రభుత్వం సేకరిస్తేనే ఈ సెక్షన్. మన ఊరి చుట్టూ పోతున్న మాగాణి చాలావరకు ప్రైవేటు రిజిస్ట్రేషన్లలో పోతోంది, అక్కడ ఈ చట్టం నోరెత్తదు.

---

అనంత_ఎర్రనేల · బుధవారం, ఉదయం 6:55

కర్నూలోళ్లు మాగాణి మాగాణి అని కూర్చున్నారు గానీ అప్పా, సీమలో పొలమంటే ఎక్కువ భాగం అది కాదు. మా దిక్కు ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన, అదీ సరిగా పడితే. చెనక్కాయ వేస్తే మూడేండ్లలో ఒక్కసారి చేతికొస్తుంది. అట్లాంటి చేను కాపాడటానికి బెంగుళూరు రోడ్డు మీద కార్లో పోయేవాడు ఎంత ఇస్తాడు? వాడికది బీడులెక్క కనపడుతుంది.

ఎన్‌పీ కుంటలో సోలార్ పార్కు వచ్చింది. మీ దగ్గరే గని, శకునాల దగ్గర వెయ్యి మెగావాట్లది, దాదాపు 5,900 ఎకరాలు. పెనుకొండ దగ్గర కార్ల ఫ్యాక్టరీ వచ్చింది. వీటికి పోయిన భూములు ఎక్కువ మెట్టవే. పట్టా ఉన్నోడు పరిహారం తీసుకున్నాడు, పిల్లోడికి ఫ్యాక్టరీలో పని దొరికితే సంతోషమే అన్నాడు. డీకేటీ పట్టా (సర్కారు పంచిన భూమి) వాళ్లు, పట్టాలే లేకుండా దున్నుకుంటున్నోళ్లు ఆఫీసుల చుట్టూ తిరిగినారు. గొర్లోళ్లను ఎవరన్నా అడిగినారా? పంట లేని నెలల్లో ఆ చేండ్లే వాళ్లకు మేత. వాళ్ల పేరు ఏ అడంగల్‌లోనూ ఉండదు, ఏ సర్వేలోనూ రాదు.

నేనడిగేది, మాగాణికి ఒక అంకె, మెట్టకు ఒక అంకె తెస్తావు సరే. మెట్ట అంకె తక్కువొస్తుంది, అది ఖాయం. తర్వాత దాన్ని చూపించి, జనమే విలువ లేదన్నారు, ఇంక తీసుకోండి అంటే?

---

లెక్కల_మేడం · బుధవారం, ఉదయం 8:30

సరైన భయం. అమెరికాలో సౌత్ కరోలినా రాష్ట్రం గ్రీన్‌విల్‌లో అచ్చం ఇట్లాంటి సర్వే చేశారు, మంచి పొలాల రక్షణకు కుటుంబాలు ఎంత ఇస్తాయని. తిండి సంగతి పక్కన పెట్టి, పచ్చదనం, చూపుకు ఆనందం, ఆ వాతావరణం వరకే అడిగారు. అక్కడ అది చెల్లుతుంది. మన దగ్గర చూపుకు ఆనందమని అడిగితే ఎర్రనేల ఓడిపోతుంది, కాలువ గట్టు గెలుస్తుంది. అందుకే ఈ లక్షణాలను విడగొట్టి అడిగే పద్ధతి ఉంది, ఛాయిస్ ఎక్స్‌పెరిమెంట్ అంటారు. కార్డులు చూపిస్తాం. ఒక కార్డులో: కాలువ కింద 1,000 ఎకరాలు, ఒకే చోట, మేతకు అనుమతి లేదు, ఏడాదికి 300 రూపాయలు. ఇంకో కార్డులో: మెట్ట 3,000 ఎకరాలు, గొర్రెల మేత ఉంటుంది, 200 రూపాయలు. మూడోది: ఏమీ వద్దు, ఏమీ కట్టను. ఇట్లా కార్డులు మార్చి మార్చి చూపిస్తే, మనిషి దేనికోసం దేన్ని వదులుకుంటున్నాడో తెలుస్తుంది. అయితే చదువు రానివాళ్లకు కార్డులు బొమ్మలతో చేయాలి, ఓపిక కావాలి.

కానీ ఎంత బాగా చేసినా ఇది అడిగినవాళ్ల విలువే. గొర్లకాపరిని అడగకపోతే ఆయన విలువ సున్నాగా పడుతుంది. ఆ సున్నా ఆయనది కాదు, మనది.

---

హంద్రీ_గట్టు · బుధవారం, ఉదయం 10:12

నా పేరు చూశారు కదా, నా సంగతి ఇది. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ రెండూ ఒకేసారి ఊరి మీదికొచ్చాయి, మా ఇంట్లో మొదటి అంతస్తు మునిగింది. ఇప్పుడు అప్పట్లో నీళ్లు నిలిచిన పల్లపు పొలాల్లోనే మట్టి తోలి ఎత్తు లేపి ప్లాట్లు వేస్తున్నారు. అంత పెద్ద వరదను నాలుగు మడులు ఆపుతాయని నేను అనను. కానీ అక్కడ ఎత్తు లేపితే ఆ నీళ్లు ఎవరింట్లోకి పోతాయి? మా వీధిలో మంచాలు, బియ్యం డబ్బాలు పోగొట్టుకున్నోళ్లను "గాలికి ఎంత ఇస్తావు" అని అడక్క, దీనికి ఎంత ఇస్తావని అడుగు. మొన్న సున్నా అన్నోణ్ని నేనే ఏదో ఒకటి కడతా.

---

సెంటు_లెక్క · బుధవారం, ఉదయం 10:40

ఇంటింటికీ పోయి వరద గుర్తుచేసి అడిగితే అందరూ అవునే అంటారు. అది సర్వే కాదు, బెదిరింపు.

---

పెన్నా_కడప · బుధవారం, మధ్యాహ్నం 12:05

ఈ ఒక్కదానికి సెంటు_లెక్క అన్నతో నేనూ ఉన్నా. వరద బొమ్మ చూపించి అడిగితే ఒక అంకె, పచ్చని మడి బొమ్మ చూపించి అడిగితే ఇంకోటి వస్తాయి. ఏం చెప్పి అడిగారో అందరికీ ఒకేలా ఉండాలి, అదీ రిపోర్టులో ఉన్నదున్నట్టు రాయాలి.

స్విట్జర్లాండ్‌లో 2017 సెప్టెంబరులో ఆహార భద్రతను రాజ్యాంగంలో చేర్చడానికి ఓటు పెట్టారు. పొలాల రక్షణ అందులో ఒక అంశం. 78.7 శాతం అవునన్నారు. మరి ఆ ఓటు పక్కన ఇంటికింత అనే బిల్లు లేదు. న్యూజెర్సీ ఓటుకు బిల్లు ఉంది. రెండూ జనం మాటే, కానీ రెండోదాన్ని నేను ఎక్కువ నమ్ముతా.

---

నిర్వాహకుడు · బుధవారం, మధ్యాహ్నం 12:50

ఏ పార్టీ ఎక్కడ ఎన్ని ఎకరాలు ఇచ్చిందన్న నాలుగు పోస్టులు తీసేశాం. ఆ చర్చకు వేరే చోటుంది. ఇక్కడ సర్వే సంగతి మాత్రమే.

---

తుంగతీరం · బుధవారం, రాత్రి 9:35

అందరికీ దండాలు. ఇంత వస్తుందని అనుకోలేదు. మీరు చెప్పినవన్నీ పెట్టుకొని మళ్లీ రాశాను. మొదట టౌన్లో ఇండ్లకు:

"సుంకేశుల నుంచి వచ్చే కెసి కాలువ కింద, కర్నూలుకు ఆనుకొని ఒకే చోట ఉన్న 1,000 ఎకరాల మాగాణిని ఇరవై ఏళ్లపాటు పొలంగానే ఉంచడానికి ఒక పథకం ఉందనుకోండి. ఇష్టపడి చేరిన రైతులకే వర్తిస్తుంది. వాళ్లు ఇండ్ల స్థలాలుగా అమ్ముకోబోమని రాసిస్తారు, అందుకు ఏటా డబ్బు తీసుకుంటారు. ఆ డబ్బు కర్నూలులోని ప్రతి ఇంటి నుంచీ ఏడాదికి 200 రూపాయల చొప్పున వసూలై, వేరే ఖాతాలో పడి, నేరుగా రైతు బ్యాంకుకు పోతుంది. పంటకాలువల పూడిక తీయడం కూడా అందులోదే. సగం కంటే ఎక్కువ ఇండ్లు ఒప్పుకుంటే అందరూ కట్టాలి, లేకపోతే పథకమే ఉండదు. ఈ 200 ఇస్తే మీ ఇంట్లో ఇంకో ఖర్చు తగ్గించుకోవాలి. మీరు ఒప్పుకుంటారా?"

200 బదులు కొన్ని ఇండ్లకు 50, కొన్నిటికి 500, కొన్నిటికి 1,000 చెప్తాను. సగం ఇండ్లకు 1,000 ఎకరాలు, సగం ఇండ్లకు 5,000 ఎకరాలు. పక్షుల సంగతి మన దగ్గర కూడా అట్లాగే వస్తుందేమో తేలుతుంది. వద్దన్నవాళ్లను ఎందుకు వద్దన్నారో అడుగుతాను. "పొలాలు అక్కర్లేదు" అనే సున్నా వేరు, "డబ్బు మింగేస్తారు" అనే సున్నా వేరు.

రెండోది ఆయకట్టు రైతులకు: ఏటా ఎంత ఇస్తే చేరతారు? ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెడతాను, కలపను. మెట్టను ఈ ప్రాజెక్టులో తీసుకోవట్లేదు, తీసుకోలేదని మొదటి పేజీలోనే రాస్తాను. ఎర్రనేల అన్న చెప్పిన భయం వల్లే.

---

మాపటేల · బుధవారం, రాత్రి 10:08

బాగుంది. రెండు మాటలు. ఇరవై ఏళ్లకు రాసిచ్చినవాడు మధ్యలో పోతే వారసుల మీద ఆ షరతు ఉంటుందా? రిజిస్టరు కాని కాగితం మీద ఏ రైతూ నమ్మకంగా జవాబు చెప్పడు. "రిజిస్టర్ అగ్రిమెంటు" అని చేర్చు. ఇంక "ఆయకట్టు రైతు" అన్నావు, పట్టా ఉన్న ఆయనా, గుత్తకు చేసేవాడా? డబ్బు పట్టాదారుకు పోతే గుత్తదారు గుత్త పెరుగుతుంది తప్ప ఒరిగేదేమీ ఉండదు. ఇద్దర్నీ విడివిడిగా అడుగు.

---

కాలువ_కింద · బుధవారం, రాత్రి 10:20

అమ్మాయీ, ఇది మేలు. ఇష్టమున్నోళ్లకే అన్నావు చూడు, అదే ముఖ్యం. కాకపోతే వెయ్యి ఎకరాలు ఒకే చోట అంటివి, ఇష్టమున్నోళ్లకే అంటివి. నడిమధ్యలో ఒకడు చేరకుండా వెంచరుకిస్తే నా పిల్లకాలువ కథే మళ్లీ. తూము కింద ఉన్నోళ్లందరూ కలిసి చేరితేనే డబ్బు అని పెట్టు. అప్పుడు ఊర్లో మేమే ఒకరికొకరు చెప్పుకుంటాం.

నన్నడిగితే అంకె ఇప్పుడే చెప్పను. కట్టేవాళ్లు ఎంతంటారో మొదట చూడనీ.

---

లెక్కల_మేడం · బుధవారం, రాత్రి 10:41

చూశావా, ఆయన చివరి వాక్యాన్ని పుస్తకాల్లో వ్యూహాత్మక జవాబు అంటారు. అందుకే టౌను సర్వే అయ్యేదాకా ఆ అంకెలు ఈ చర్చలో పెట్టకు. తూము కింద అందరూ కలిసి చేరాలన్న షరతు మాత్రం తప్పకుండా పెట్టు, నాకు తట్టనిది అది.

ఇంటింటికీ పోయేటప్పుడు పగలు మాత్రమే పోవద్దు. పగలు ఉద్యోగాలకు పోయినవాళ్లు దొరకరు, ఇంట్లో ఉన్న పెద్దావిడ "మా వాడు వచ్చాక అడుగు" అంటుంది. ఆమెనూ అడుగు, ఆయననూ అడుగు, విడివిడిగా రాసుకో.

---

సెంటు_లెక్క · గురువారం, ఉదయం 7:30

వెంచర్లలో ఇల్లు కట్టుకున్నోళ్లను కూడా అడుగుతావా? వాళ్ల కిటికీ ముందు మిగిలిన మడి పోకూడదని వాళ్లే అందరికంటే ఎక్కువ ఇస్తారు, నాది గ్యారంటీ. ప్లాటు అమ్మేటప్పుడు మేం చూపించేది కూడా ఆ పచ్చదనమే కదా.

---

తుంగతీరం · గురువారం, ఉదయం 7:52

అడుగుతాను అన్నా. వాళ్లది వేరే గుంపుగా పెడతాను, ఏ సంవత్సరం ఇల్లు కట్టారో కూడా అడిగి. ఆదివారం రైతుబజారు దగ్గర పదిమందితో ప్రశ్న సరిచూసుకుంటున్నా, ఎక్కడ అర్థం కాలేదో తెలుసుకోవడానికే, ఆ జవాబులు లెక్కలోకి రావు. కాలువ_కింద అన్నా, మీ తూము నంబరు ప్రైవేటుగా పంపుతారా? రైతుల జాబితా తూముల వారీగా చేయాలి.

---

కాలువ_కింద · గురువారం, ఉదయం 8:15

పంపినా. వచ్చే ముందు ఫోన్ చెయ్యి. నీళ్లు వదిలే వారమైతే ఒక్కడూ ఇంట్లో దొరకడు.